కట్ అన్నా ఆగని ఆట

ఆరు నిమిషాల పద్దెనిమిది సెకన్లు.

సినిమా క్విజ్ పోటీలకు తయారయ్యే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ అంకెను ఎక్కడో ఒకచోట చదివే ఉంటారు. తెలుగు సినిమాల్లో ఒక్క కట్ కూడా లేకుండా సాగిన అతి పొడవైన నృత్య దృశ్యం ఇదేనని వారపత్రికల్లోనూ సినిమా డైరీల్లోనూ వచ్చింది. అంకె పక్కన మద్రాసు డాన్స్ మాస్టరు ఒకాయన పేరు ఉంటుంది. అంకె నిజం. చేతిగడియారం చూస్తూ దాన్ని కొలిచినవాణ్ణి నేను. పేరు అబద్ధం. ఆ అబద్ధాన్ని మొట్టమొదట కాగితం మీద పెట్టినవాణ్ణి కూడా నేనే.

మొన్న యాభై అయిదు నిండి రిటైరయ్యాను. ఇక నాకు మెమో ఇచ్చేవాళ్లెవరూ లేరు కనక ఇప్పుడు రాస్తున్నాను. ఇందులో ఎవరి పేరూ రాయను. కొందరి పేర్లు రాస్తే కోర్టుకు తిరగాలి. కొందరివి రాయాలంటే ఒక్క లైను చాలదు.

నేను అరకు లోయలో ఒక ఫారెస్టు రేంజి ఆఫీసులో గుమస్తాని. విజయనగరం దిగువన వ్యవసాయం చేసుకునే ఇంట్లో పుట్టాను. పదో తరగతితో చదువు ఆగింది. తర్వాత వచ్చిన లెక్కలన్నీ ఎవరూ చెప్పకుండా నేను పట్టుకున్నవే. కొండ మీద సాయంత్రాలు పొడుగు. తోటివాళ్లు పేకాడేవారు. నేను ఒక పొడుగు నోటుబుక్కులో గళ్లు గీసి సినిమా అవార్డుల వివరాలు రాసుకునేవాణ్ణి. ఏ దర్శకుడికి తొలి సినిమాకే అవార్డు వచ్చింది, ఏ నటుడికి ఎన్నేళ్ల ఎడంతో మళ్లీ వచ్చింది, ఎవరు ఎన్నిసార్లు అంచుదాకా వచ్చి తప్పిపోయారు, అన్నీ అందులో ఉండేవి. పత్రికల్లో తప్పు కనపడితే కార్డు రాసేవాణ్ణి. ఎక్కువసార్లు నేనే ఒప్పు. మా ఆఫీసు గార్డు ఒకడుండేవాడు. "గుమస్తా బాబూ, ఆళ్లకి బిరుదులొత్తే ఆళ్లింటికాడ పండగ. మీకేటి వొచ్చీది?" అని రోజూ అడిగేవాడు. నేను ఇంకో గడి గీసుకునేవాణ్ణి.

ఒక చలికాలం, వలిసె పూలు కొండవాలు నిండా పచ్చగా ఉన్న రోజుల్లో, మద్రాసు నుంచి సినిమావాళ్లు షూటింగుకి వచ్చారు. అడవి భూమిలో తీస్తారు కాబట్టి మా ఆఫీసు మనిషి ఒకడు వాళ్లు కాలు పెట్టినప్పటి నుంచి తీసేదాకా పక్కనే ఉండాలి. ఏ వేళకు ఏం జరిగిందో ప్రభుత్వ డైరీలో రాయాలి. రేంజర్‌గారు నావైపు చూసి, "నీకెలాగూ సినిమా పిచ్చి. నువ్వే పో" అన్నారు. పెళ్లిలో మామగారు పెట్టిన గడియారానికి కీ ఇచ్చుకుని వెళ్లాను. దానికి సెకన్ల ముల్లు ఉంది. ఈ కథంతా ఆ ముల్లు వల్ల వచ్చిందే.

డుంబ్రిగుడ దాటాక ఒక చిన్న కొండ ఊరు. అక్కడి ఆడవాళ్లు పద్నాలుగు మంది ధింసా ఆడటానికి వచ్చారు. తుడుము వాయించేవాడు ఒకరు, డప్పు కొట్టేవాడు ఒకరు, మోరి ఊదేవాడు ఒకరు. ఆ పద్నాలుగు మందిలో పెద్ద ఒకావిడ. నాకంటే పదేళ్లు పెద్దదై ఉంటుంది. మా వైపు అక్కను అప్ప అంటాం. నేను ఆవిణ్ణి అప్పా అనేవాణ్ణి.

ధింసా మీరు చూసే ఉంటారు. చేతులు వెనకనుంచి ఒకరి నడుం మీదుగా ఒకరికి పెనవేసుకుని గొలుసుగా ఆడతారు. ఆ ఊళ్లో ఒక కట్టుబాటు ఉంది. గొలుసు ఎక్కడ మొదలైందో అక్కడికి తిరిగొచ్చి, ముందున్న మనిషి తన మొదటి అడుగు మీద మళ్లీ కాలు పెట్టేదాకా ఆట ఆగకూడదు. మధ్యలో ఆపితే ఆ ఏడాది ఊళ్లో ఏ పనీ సగం దాటదని వాళ్ల నమ్మకం. వాన వచ్చినా ఆపరు. ఇది సినిమావాళ్లు అడగలేదు. ఊరివాళ్లు చెప్పలేదు.

డాన్స్ మాస్టరు పొద్దున్నే వచ్చి ఒకటి రెండు మూడు నాలుగు అంటూ ఒక ముప్పావు గంట నేర్పాడు. ఆడవాళ్లు మర్యాదగా చూశారు. ఆయన పక్కకు వెళ్లగానే అప్ప, "ఈ బాబు కాలు సలికి వొణుకుతందా, ఆటేనా?" అంది. పద్నాలుగు మందీ నవ్వారు. హీరోయిన్‌ను గొలుసు మధ్యలో నిలబెట్టారు. అసలు షాటు నలభై సెకన్లు. హీరోయిన్ నాలుగడుగులు వేసి నవ్వాలి, కట్.

పదీ నలభై ఒకటికి కెమెరా తిరిగింది. నలభై రెండు కాకుండానే దర్శకుడు కట్ అన్నాడు. లౌడ్‌స్పీకరులో పాట ఆగింది. తుడుము ఆగలేదు. గొలుసు ఆగలేదు. "కట్! కట్!" అని దర్శకుడు గొంతు చించుకున్నాడు. డాన్స్ మాస్టరు చేతులూపుకుంటూ అడ్డం వెళ్లబోతే గొలుసు వంపు తిరిగి ఆయన్ని పక్కనున్న గుడిసె అరుగు మీదికి నెట్టేసింది. హీరోయిన్ విడిపించుకోబోయింది. రెండు పక్కలా చేతులు పెనవేసి ఉన్నాయి, ఎలా వస్తుంది? మొదట కంగారుపడింది. తర్వాత కళ్లనీళ్లు పెట్టుకుంది. అడుగు కలిసిన దగ్గర్నుంచీ చిన్నపిల్లలా నవ్వడం మొదలుపెట్టింది. వలిసె చేను చుట్టి, రాతిగుట్ట తిరిగి, గొలుసు మొదటి చోటికి వచ్చింది. అప్ప కాలు పెట్టింది. తుడుము ఆగింది. నా గడియారంలో పదీ నలభై ఏడు దాటి పద్దెనిమిది సెకన్లు.

దర్శకుడు అప్ప మీదికి వెళ్లాడు. "ఆగమంటే వినపడదా? చెవుడా?"

"ఇనపడినాది బాబూ" అంది అప్ప. "నువ్వు ఆగమన్నావు. నేల ఆగమన్లేదు కదా."

హీరోయిన్ ఒగరుస్తూ, "అక్కా, నేను లాక్కుంటున్నా చెయ్యి వదల్లేదేం?" అంది. అప్ప ఆమె నుదుటి చెమట తన కొంగుతో తుడిచి, "వొదిలీత్తే పడిపోవా మాయమ్మా" అంది.

అప్పుడు కెమెరామన్ నెమ్మదిగా చెప్పాడు. "సార్, నేను ఆపలేదు. ఆపబుద్ధి కాలేదు."

దర్శకుడు కెమెరామన్ భుజం తట్టాడు. డాన్స్ మాస్టరు మోకాలికి అంటిన మన్ను దులుపుకుంటున్నాడు. నేను డైరీలో రాశాను: "10.41 దర్శకుడు కట్ చెప్పెను. ఆట ఆగలేదు. ఊరివారి ఆచారమట. 10.47 ఆట ఆగెను."

మరుసటేడు సినిమా విజయనగరంలో ఆడింది. ఆ షాటు మొదటి నుంచి చివరిదాకా ఉంచేశారు. మూడుసార్లు చూశాను, మూడుసార్లూ గడియారం పట్టుకుని. అదే ఆరు నిమిషాల పద్దెనిమిది. నిమిషానికి తొంభై అడుగుల చొప్పున అయిదువందల అరవై ఏడు అడుగుల ఫిల్ము. అప్పటికి నా నోటుబుక్కులో అంత పొడుగు దృశ్యం ఇంకోటి లేదు. వారపత్రికకు రాశాను. రికార్డు వివరం పంపాలంటే వాళ్ల పద్ధతి ప్రకారం నాలుగు గళ్లు ఉండాలి: సంవత్సరం, సినిమా, రికార్డు, పేరు. నాలుగో గడిలో ఎవరిని రాయాలి? టైటిల్స్‌లో "నృత్యం" అని ఒక్క పేరే పడింది. అదే రాశాను. నిజం చెప్పొద్దూ, ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. గడి ఖాళీగా ఉంటే నాకు నిద్రపట్టదు.

అది అచ్చయింది. ఆ ఏడాదే అవార్డులు వచ్చాయి, ఒక్క సినిమాకు మూడు. దర్శకుడికి "సాహసోపేతమైన అఖండ చిత్రీకరణ"కు. హీరోయిన్‌కు "భయం, కన్నీరు, ఆనందం ఒకే షాటులో పలికించిన సహజ నటన"కు. డాన్స్ మాస్టరుకు "ఆరు నిమిషాల పద్దెనిమిది సెకన్ల నిర్విరామ నృత్య రచన"కు. ఆ అంకె రెండుసార్లు చదివాను. లోకంలో దాన్ని కొలిచినవాడు నేనొక్కణ్ణే. నా అంకె అవార్డు పత్రంలోకి ఎక్కింది! ఆఫీసులో అందరికీ చూపించాను. ఆ సాహసం చెయ్యనివాడికి సాహసానికి, నటించని ఏడుపుకి నటనకి, అరుగు మీద పడ్డ మనిషికి నృత్యానికి అవార్డులిచ్చారే అని నాకు కోపం రాలేదు. సిగ్గుపడాల్సిన చోట గర్వపడ్డాను. ఇప్పుడొచ్చే కోపంలో సగం అందుకే.

గార్డు మాత్రం పత్రిక తిప్పి తిప్పి చూసి, "మన అప్ప ఏదీ ఇందులో?" అన్నాడు.

"టైటిల్స్‌లో లేదురా."

"టైటిల్సులో లేదు సరే, ఆటలో ఉంది కదేటి" అన్నాడు వాడు.

కొన్నేళ్లు గడిచాయి. ఆ సినిమా చూసి లోయకు వచ్చే జనం ఎక్కువయ్యారు. దిగువ ఊళ్ల నుంచి రంగు చీరల్లో అమ్మాయిలు వచ్చి "ఫలానా మాస్టరుగారి ధింసా" అని గెస్ట్‌హౌసు ముందు ఆడటం మొదలైంది. ఒక సంతనాడు అప్ప చింతపండు బుట్ట దించి నన్ను ఆపింది.

"బాబూ, రాజధానిలో పెద్ద పండగంట. ఇక్కడి ఆటోళ్లని ఎంచుకోడానికి వొత్తన్నారంట. మేమూ ఎల్తాం. నువ్వు రాయించు."

"అంత దూరం ఎందుకప్పా? అలసిపోతారు."

"మొన్న గెస్టవుసు కాడ ఒక రంగుసీర గుంట నాకు సెప్పింది, మామ్మా, అడుగు తప్పేత్తన్నావు, మా మాస్టరుగారు అలగ పెట్టలేదు అని." అప్ప నవ్వలేదు. "మాయమ్మ నేర్పిన అడుగు బాబూ అది. ఆ పై ఊళ్లో, అందరూ ఇంటాంటే, ఇది మా ఆట అని ఒక్కపాలి సెప్పాల. అంతే. తరవాత ఇంటికొచ్చీత్తాం."

ఊరి పేరు మీద జట్టును రాయించాను. ఎంపిక రోజున మా ఆఫీసు జీపులో, ఒక లారీలో వాళ్లను గెస్ట్‌హౌసుకి తీసుకెళ్లాను. ఎంపిక చేసేవాళ్లు ముగ్గురు. ఒక అధికారి, ఆ డాన్స్ మాస్టరు, ఇంకొకాయన. ఆ ఇంకొకాయన చివరిదాకా నోరు విప్పలేదు కనక ఆయన్ని లెక్కలోంచి తీసేస్తున్నాను. డాన్స్ మాస్టరు వస్తున్నాడని నాకు ముందే తెలుసు. అందుకే ఆ పొద్దున ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు జేబులో ఒక కాగితం పెట్టుకున్నాను. ఏ కాగితమో తర్వాత చెప్తాను.

ఒక్కో జట్టుకు మూడు నిమిషాలు. బల్ల మీద గంట. మొదట రంగు చీరల అమ్మాయిలు ఆడారు. గంట మోగగానే ఠక్కున ఆగి, పళ్లు కనపడేలా నవ్వి, నమస్కారం పెట్టారు. తర్వాత మావాళ్లు. మూడో నిమిషానికి గంట మోగింది. ఆగలేదు. అధికారి మళ్లీ కొట్టాడు. అయిదుసార్లు కొట్టాడు. గెస్ట్‌హౌసు పచ్చిక ఆ వలిసె చేనుకంటే పెద్దది. గొలుసు చుట్టి వచ్చేసరికి ఏడు నిమిషాల నాలుగు సెకన్లు పట్టింది. అప్ప తన మొదటి అడుగు మీద కాలు పెట్టి, ముగ్గురివైపూ చూసి నిలబడింది. చక్కగా పూర్తిచేశామని ఆమె ముఖంలో సంతోషం.

అధికారి కాగితం మీద రాస్తూ పైకే చదివాడు. "క్రమశిక్షణ లేదు. ఆగమన్నా ఆగరు. తిరస్కరించడమైనది."

నా ఒళ్లు మండింది. నేను సభల్లో మాట్లాడేవాణ్ణి కాను. ఆ రోజు మాట్లాడాను.

"అయ్యా, సినిమాలో ఆ దృశ్యం వచ్చింది కూడా వీళ్లు ఆగకపోవడం వల్లే. కట్ అన్నా ఆగలేదు. నేను అక్కడే ఉన్నాను. మూడు అవార్డులొచ్చింది ఈ ఆగకపోవడానికే. దాన్ని అక్కడ కళ అని, ఇక్కడ క్రమశిక్షణ లేదంటే ఎలాగండీ?"

డాన్స్ మాస్టరు హాయిగా నవ్వాడు. "గుమస్తాగారూ, ఆ షాటుకి నేను నెల్లాళ్లు రిహార్సల్ చేయించాను. అది అలా యాదృచ్ఛికంగా వచ్చేదేనా?"

"ముప్పావు గంటండీ" అన్నాను. "నెల్లాళ్లు కాదు. నా దగ్గర లెక్క ఉంది."

అధికారి కలం దించాడు. పాపం, ఆయన అడిగింది న్యాయంగానే అడిగాడు. "ఉంటే చూపించండి. మార్చడానికి నాకేం అభ్యంతరం లేదు."

చెయ్యి జేబులోకి వెళ్లింది. అందులో ఉన్నది డైరీ కాదు. డైరీ ఆఫీసు బీరువాలో, ఎనిమిది మైళ్ల దూరంలో ఉంది. జేబులో ఉన్నది వారపత్రికలో అచ్చయిన నా రికార్డుల ముక్క. అవార్డు పత్రంలోని అంకె నాదేనని డాన్స్ మాస్టరుకు చూపించి నాలుగు మంచి మాటలు అనిపించుకుందామని, పొద్దున్నే నీటుగా మడిచి తెచ్చుకున్నాను! వాళ్ల ఆట పోయే రోజున నేను తెచ్చింది నా పొగడ్త కాగితం.

చెయ్యి వెనక్కి తీసుకునేలోపే అధికారి చూశాడు. "అదేనా? ఇలా ఇవ్వండి." అందుకుని చదివాడు. సంవత్సరం, సినిమా, ఆరు నిమిషాల పద్దెనిమిది సెకన్లు. నాలుగో గడి కూడా చదివాడు. తలెత్తి డాన్స్ మాస్టరును చూశాడు, నన్ను చూశాడు.

"ఈయన పేరే ఉందే. ఇది పంపిందెవరు?"

"నేనేనండి."

డైరీ తెస్తాను, గంటన్నర ఆగండి అన్నాను. నాలుగింటికి బయల్దేరాలి అన్నాడు. గంట మీద చెయ్యి వేసి ఇంకో జట్టును పిలిచాడు.

తిరుగు దారిలో జీపులో తుడుము వాయించే ఆయన, "ఆగమంటే ఆగీది బస్సు. మేం బస్సులమేటి?" అన్నాడు. వెనక ఒకరిద్దరు కిసుక్కుమన్నారు. అప్ప నవ్వలేదు. దిగేటప్పుడు నా చేతి గడియారం వైపు చూసి, "ఆ రోజంతా దాన్నే సూసినావు బాబూ. మమ్మల్ని సూడలేదు" అంది. తిట్టలేదు. ఉన్న మాట చెప్పింది. అయినా తిట్టు తిన్నవాడిలాగే నిలబడ్డాను.

మర్నాడే డైరీలో ఆ పేజీ కాపీ రాసి అధికారికొకటి, వారపత్రికకొకటి పంపాను. అధికారి నుంచి జవాబు రాలేదు. మా పై ఆఫీసు నుంచి వచ్చింది. ప్రభుత్వ డైరీలోని విషయం పత్రికలకు పంపడం నిబంధనలకు విరుద్ధం కనక సంజాయిషీ ఇవ్వమని. అబద్ధం రాసి పంపినప్పుడు ఏ నిబంధనా అడ్డురాలేదు, నిజం రాసి పంపేసరికి వచ్చింది. చూశారా! ఆ సంజాయిషీలో క్షమించమని రాసి సంతకం పెట్టాను. ఇద్దరు పిల్లల్ని చదివించుకుంటున్నవాణ్ణి. అది కూడా ఈ కథలో ఉండాలి కనక రాస్తున్నాను.

పత్రిక నుంచి ఒక కార్డు వచ్చింది. "టైటిల్స్‌లో ఉన్న పేరే మాకు ప్రమాణం. అయినా ఆ ఆటగత్తెల పేర్లు మీకైనా తెలుసా?"

ఏ నటుడి ఏ అవార్డు ఏ ఏడాదో నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. ఆ పద్నాలుగు మందిలో ఒక్కరి పేరు కూడా నాకు తెలియదు. అప్ప పేరు కూడా. అన్నేళ్లు అప్పా అన్నానే తప్ప అడగలేదు.

ఆదివారం నడుచుకుంటూ ఆ ఊరు వెళ్లాను. అప్ప వాకిట్లో సామలు చెరుగుతోంది. నోటుబుక్కు తెరిచి, "అప్పా, నీ పేరు చెప్పు. ఇందులో నాలుగో గడిలో రాస్తాను" అన్నాను.

"నా ఒక్కదాందేనా?"

"పెద్దవు నువ్వే కదా."

"ముందు నిలబడ్డంత మాత్తరాన నా ఆటైపోద్దేటి?" అంది చేట దించి. "రాసుకో. గొలుసులో ఎవులెనక ఎవులున్నారో అలగే రాయి. మార్సీకు."

కళ్లు మూసుకుని ఆ రోజు నిలబడిన వరసలో చెప్పుకుంటూ పోయింది. వాళ్లలో ఇద్దరు అప్పటికే చనిపోయారు, ఒకావిడ మనవరాలి ఊరు వెళ్లిపోయింది. అయినా వరస తప్పలేదు. నాలుగో గడిలో పట్టలేదు. గీత దాటి, పక్క గడిలోకి, కిందికి, పేజీ చివరిదాకా రాశాను. ఏడు పేర్లయ్యాయి. ఎనిమిదో పేరుగా అప్ప చెప్పింది మాత్రం నాకు తెలిసినదే. అవార్డుల గళ్లలో ఎన్నోసార్లు రాసిన పేరు. హీరోయిన్‌ది.

కలం ఆపాను. "ఆవిడ పేరు ఎందుకప్పా? ఆవిడకి అవార్డొచ్చింది కదా. మీకు దక్కాల్సింది తీసుకుంది కదా. ఆ పేరు తీసేద్దాం."

"తీసీకు" అంది అప్ప. కళ్లు తెరిచి నన్ను అదోలా చూసింది. "నడుమునున్న గుంటని తీసీత్తే, ఇటు పక్క సెయ్యి, అటు పక్క సెయ్యి ఏటి పట్టుకుంటాయి?"

ఎనిమిదో పేరు రాశాను. పదిహేను మంది, వాయించిన ముగ్గురు, మొత్తం పద్దెనిమిది. పత్రికకు పంపాను. ఒక రికార్డుకు ఒక పేరే వేస్తామని తిప్పి పంపారు. ప్రతి ఏడూ పంపాను. ప్రతి ఏడూ తిరిగొచ్చింది. ఆ పండగకు రంగు చీరల అమ్మాయిలే వెళ్లారు.

రేపు ఎవరైనా మీకు మైకు ముందు ఆ ప్రశ్న వేస్తే, గంట కొట్టేలోపు ఒక్క పేరు చెప్పి మార్కు తెచ్చుకోకండి. పేజీ నా దగ్గరుంది, వచ్చి రాసుకోండి. మొదటి పేరుతో మొదలుపెట్టి పద్దెనిమిదీ చదవండి. మధ్యలో గంట కొడతారు. ఆగకండి.